స్విస్ రెస్టారెంటు వల్ల మా ఊరికి జరిగిన మేలు

ఊరికొక ఫరంగీ రెస్టారెంటు ఉండి తీరాలి. లేని ఊరికి పిల్లనివ్వకూడదు, ఆ ఊరి పిల్లను తెచ్చుకోకూడదు. ఈ మాట నేను ఆవేశపడి అనడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు మా ఊరు నోంగ్ క్వాంగ్ బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. రుజువు చూపించకపోతే రెండూ రెండూ నాలుగన్నా ఒప్పుకోను.

ఈ వారపత్రిక నాలుగో పేజీలో, పందుల దాణా ప్రకటన పక్కన, పన్నెండేళ్ళుగా నన్ను భరిస్తున్న పాఠకులారా! చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మీరు మమ్మల్ని చూసి కుళ్ళుకుంటున్నారని నాకు తెలుసు. కుళ్ళుకోండి. రైలు స్టేషను ఎదురుగా, సైకిళ్ళ షాపుకీ మందుల షాపుకీ మధ్యన, మంచుకొండ బొమ్మ వేసిన బోర్డు మీకుందా? ఏప్రిల్ ఎండల్లో చలి కాచుకోవడానికి గోడలో ఇటుకలతో కట్టిన పొయ్యి మీకుందా? మాకుంది! అందులో ఇంతవరకూ ఎవరూ మంట వెయ్యలేదు. సైకిళ్ళ షాపువాడి కోడి గుడ్లు పెట్టుకుంటోంది. అయినా పొయ్యి పొయ్యే కదా.

దాని యజమాని రెటో గారు. స్విట్జర్లాండు మనిషి. అక్కడ లిఫ్టులు బాగుచేసేవాడట. మా ఊళ్ళో రెండంతస్తులు దాటిన ఇల్లు లేదు, ఆ రెండో అంతస్తులోనూ వెల్లుల్లి ఆరబోసుకుంటాం. లిఫ్టు లేని ఊళ్ళో లిఫ్టు మెకానిక్కు ఏం చేస్తాడు? వంట చేస్తాడు. మన థాయి భాష ఆయన రేడియో వార్తలు విని నేర్చుకున్నాడు. అందుకని ఉప్పు అడిగినా మంత్రిమండలి తీర్మానం చదువుతున్నట్టే ఉంటుంది. మనిషి మాత్రం వెన్న. ఎవరింట్లో కుళాయి కారుతున్నా పిలవకుండానే రెంచీ పట్టుకుని వచ్చేస్తాడు.

ఆయన భార్య విలై మా ఊరి పిల్లే. నా దగ్గరే లెక్కలు నేర్చుకుంది. ఇప్పుడు రెస్టారెంటున్న ఆ షెడ్డులోనే పంతొమ్మిదేళ్ళు పొద్దున్నపూట ఖావ్ పియాక్ అమ్మింది. చేత్తో ఒత్తిన బియ్యప్పిండి సేమ్యా, చిక్కటి పంది ఎముకల పులుసు, పైన కరకరలాడే వెల్లుల్లి, గుప్పెడు ఉల్లికాడలు, ఎర్రటి కారం నూనె ఒక చెంచాడు... సరే, అదంతా పాత కథ. ఇప్పుడెందుకు? మనం మేలు గురించి మాట్లాడుకుంటున్నాం.

మొదటి మేలు, ఆరోగ్యం. డాక్టర్లు పదేళ్ళు మొత్తుకున్నా తగ్గని నా బరువు, రెస్టారెంటు తెరిచిన ఏడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గింది. యోగాలు లేవు, మందులు లేవు. అలవాటు కొద్దీ రోజూ ఉదయం ఆరున్నరకి స్టేషను దాకా నడుస్తాను. అక్కడ తలుపు మూసి ఉంటుంది. పదింటికి గానీ తియ్యరు. ఆ తలుపును కాసేపు చూసి తిరిగి ఇంటికి నడుస్తాను. పరగడుపున నడక ఎంత మంచిదో మీకు వేరే చెప్పాలా?

రెండో మేలు, వ్యాపారాభివృద్ధి. మన బల్లల మీద నాలుగు సీసాలుంటాయి కదా. కారం, పంచదార, మిరపకాయలు నానేసిన వెనిగర్, ఉప్పులో ఊరేసిన చేపల రసం. ఆ నాలుగూ లేని బల్లను మనం బల్ల అనం. ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్ళు కలుపుకుంటారు, అందులో వంటవాడికి వచ్చే నామర్దా ఏమీ లేదు. రెటో గారు ఆ సీసాలు తీయించేశాడు. వంటవాడు ఎలా వండితే అలాగే తినాలట! మరొకటి కలుపుకుంటే వాళ్ళ దేశంలో వంటవాణ్ణి తిట్టినట్టేనట.

సీసాలేవని ఎవరైనా అడిగారా? ఛీ, మా ఊరివాళ్ళకు మర్యాద తెలీదనుకున్నారా? ఎవరి ఏర్పాట్లు వాళ్ళు చేసుకున్నారు. పక్కనే ఉన్న మందుల షాపు నిపా, ఖాళీ కంటిచుక్కల సీసాలు డజన్ల లెక్కన అమ్మడం మొదలుపెట్టింది. మున్సిపల్ ఆఫీసు గుమాస్తా సుతిన్ బంగాళాదుంపల అట్టు ముందు పెట్టుకుని, రెటో గారు అటు తిరగ్గానే, జేబులోంచి సీసా తీసి అట్టు మీద ఇరవై చుక్కల చేపల రసం వేస్తాడు. ఒకరోజు రెటో గారు ఉన్నట్టుండి ఇటు తిరిగాడు. సుతిన్ కంగారుపడి ఆ చుక్కలు నిజంగానే కంట్లో వేసుకున్నాడు. బొటబొటా నీళ్ళు కారుతున్నాయి పాపం. రెటో గారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"నా మాతృమూర్తి వండిన ఈ అట్టును భుజించునప్పుడు నాకునూ ఇట్లే కన్నీరు వచ్చెడిది" అన్నాడు.

"బాగుందండీ" అన్నాడు సుతిన్, రెండో కన్ను కూడా మూసుకుని.

మూడో మేలు, ఐకమత్యం. ఎవరి పళ్ళెం వాళ్ళదే అనే ఫరంగీ పద్ధతి మాకు మొదట్లో మింగుడుపడలేదు. నలుగురు కూర్చుంటే కూరలన్నీ మధ్యలో ఉండాలి, తలో చెంచా పెట్టాలి. ఒక్కడు ఒక్క పళ్ళెం ముందు పెట్టుకుని తింటుంటే అలిగి కూర్చున్నట్టుంటుంది. మా బెంగ కనిపెట్టాడో ఏమో, రెటో గారు ఒకరోజు మధ్యలో చిన్న పొయ్యి, దాని మీద కుండ, కుండలో కుతకుతలాడే జున్ను, అదే వాళ్ళ చీజు, తెచ్చి పెట్టాడు. ఆ బల్ల దగ్గర నేను, మా ఆవిడ లమై, మందుల షాపు నిపా, క్షవరాల దమ్రోంగ్ ఉన్నాం. మా ప్రాణాలు లేచొచ్చాయి. మధ్యలో కుండ! ఇది మాకు తెలియని విద్యా? రెటో గారు రొట్టెముక్కలు తేవడానికి లోపలికి వెళ్ళి వచ్చేలోపల, నిపా సంతలో కొన్న తూటికూర, పచ్చి స్క్విడ్డు, రెండు కట్టల పెసర సేమ్యా అందులో పడిపోయాయి.

ఆయన రొట్టెల బుట్టతో గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. మేం సేమ్యా పైకి లాగుతున్నాం, జున్ను తీగలు సాగుతున్నాయి. తీగ తెగదు. దమ్రోంగ్ లేచి నిలబడ్డాడు, కుర్చీ ఎక్కాడు, అయినా తెగలేదు. చివరికి చొక్కా జేబులోంచి తన కత్తెర తీసి, కస్టమరు జుట్టు కత్తిరించినంత ఒడుపుగా నలుగురివీ కత్తిరించి పెట్టాడు.

"ఎలా ఉన్నది?" అని రెటో గారు మెల్లిగా అడిగాడు.

"అద్భుతం" అన్నాం నలుగురం. ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడటం అంటే అది!

నాలుగో మేలు పుణ్యం. పర్వదినాల్లో తెల్లవారగానే రెటో గారు రోడ్డు పక్కన చెప్పులు విడిచి నిలబడి, భిక్షకు వచ్చే సన్యాసుల పాత్రల్లో తలో అట్టు వేస్తాడు. విలై కనిపించదు, ఆయనొక్కడే. పాత్రలో పడినదాన్ని వద్దనే హక్కు సన్యాసులకు లేదు. వద్దనే ధైర్యం ఊరివాళ్ళకు లేదు. అందుచేత ఆ అట్లన్నీ చివరికి గుడి కుక్కలకు చేరుతున్నాయి. ఆ కుక్కలిప్పుడు మొరగడం మానేశాయి. ఒళ్ళొచ్చి దొంగల్ని చూసినా లేవడం లేదు. జీవహింస తగ్గిందా లేదా?

ఇంత ఉపకారం చేసిన రెస్టారెంటు మా ఊరికి ఎలా వచ్చిందని మీరు అడగాలి. అడిగారనుకుంటాను. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా ఊరి ఏకగ్రీవ ఆమోదంతో వచ్చింది.

ఏడాది కిందటి మాట. ఒక ఉదయం నేను విలై దగ్గర రెండో గిన్నె ఖావ్ పియాక్ మీద ఉన్నాను. రెటో గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో నోటుపుస్తకంతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. వాళ్ళ దేశంలో ఏ పనైనా మొదలుపెట్టే ముందు నలుగుర్నీ అడుగుతారట. అడిగితే నలుగురూ నిజం చెబుతారట!

"గౌరవనీయులైన సవేంగ్ మాస్టారు గారూ" అన్నాడు. "ఈ దుకాణమును మూసివేసి దీని స్థానమున స్విస్ భోజనశాలను తెరిచినచో, తాము విచ్చేయుదురా?"

నా నోట్లో సేమ్యా ఉంది. ఆయన వెనకే విలై గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. మీరే చెప్పండి, మొగుడి ఆలోచన బాగోలేదని పెళ్ళాం ముందు చెప్పే మూర్ఖుడు ఎవడైనా ఉంటాడా?

"చాలా మంచి ఆలోచనండీ" అన్నాను. "తప్పకుండా వస్తాం."

ఆయన నోటుపుస్తకంలో రాసుకుని పక్క బల్లకు వెళ్ళాడు. లెక్కల మాస్టారే సరేనన్నాక మిగతావాళ్ళు కాదంటారా? సుతిన్ సరే అన్నాడు. దమ్రోంగ్ సరే అన్నాడు. నిపా అయితే ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నానంది. ఆ ఉదయం నలభై ముగ్గుర్ని అడిగితే నలభై మూడు సరేలు వచ్చాయి. మాలో ప్రతివాడూ మనసులో ఒకటే అనుకున్నాడు, ఎవడో ఒకడు వద్దనకపోతాడా అని. అందరం ఆ ఒక్కడి మీద భారం వేసి గిన్నెలు ఖాళీ చేసి ఇళ్ళకు పోయాం. మూడు నెలల తరవాత మంచుకొండ బోర్డు లేచింది.

మొహమాటం అనే జబ్బుకు మా ఊరిని మించిన ఆసుపత్రి లేదు. అందరం రోగులమే, డాక్టరు లేడు. రెస్టారెంటు మూడు నెలల్లో మూతపడుతుందని మా లెక్క. మూతపడగానే విలై మళ్ళీ కుండ పొయ్యి మీద పెడుతుంది. ఆ ఒక్క ఆశతో ఓపిక పట్టాం. కానీ మేం వెళ్ళకపోతే రెటో గారు చిన్నబుచ్చుకుంటాడని వెళ్ళాం. వెళ్ళాం గనక అది నడిచింది. తినకుండా వదిలితే బాధపడతాడని పళ్ళెం ఊడ్చి పెట్టాం. ఊడ్చి పెట్టాం గనక ఆయన అట్టు సైజు పెంచాడు. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ లెక్క ఎటు పోతోందో నాకు తట్టలేదు!

గత నెల తట్టింది. రెటో గారు తలుపుకు ఒక కాగితం అంటించాడు. 'ప్రజల విశేష ఆదరణ దృష్ట్యా' పట్నం నుంచి జున్ను కాల్చే పెద్ద యంత్రం తెప్పిస్తున్నాడట. దానికి చోటు కావాలి గనక పాత పులుసు కుండను, పొయ్యిని శుక్రవారం పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాడట.

విలై వాళ్ళమ్మ నాటి సత్తు కుండ అది. మనిషి దిగి కూర్చోవచ్చు. ఆ కుండ పోయిందంటే ఇక ఖావ్ పియాక్ ఈ జన్మకు లేనట్టే. ఆ రోజు దమ్రోంగ్ క్షవరాల షాపులో అత్యవసర సమావేశం జరిగింది. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి సగం తలతో రెండు గంటలు కూర్చున్నాడు పాపం.

"ఎవరో ఒకరు వెళ్ళి నిజం చెప్పాలి" అంది నిపా.

"నువ్వెళ్ళు, పక్క షాపే కదా" అన్నాడు దమ్రోంగ్.

"పక్క షాపు కాబట్టే వెళ్ళలేను. పొద్దున లేస్తే మొహం మొహం చూసుకోవాలి. నీ కత్తెరకున్నంత పదును నీ నోటికి లేదా?"

"నేను చెప్తే మళ్ళీ ఆయన గడ్డం ఎలా గీస్తాను? కత్తి పీక మీద పెట్టినప్పుడల్లా అదే గుర్తొస్తుంది ఇద్దరికీ."

"మాస్టారు రాసే మనిషి, మాటలు బాగా తెలుసు. పైగా మొదట సరేనన్నది కూడా ఆయనే" అన్నాడు సుతిన్, ఎటో చూస్తూ.

పిల్లి మెడలో గంట కట్టే పని అలా నాకు చుట్టుకుంది. గురువారం పదింటికి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. మూడు వాక్యాలు రాసుకుని బట్టీ పట్టాను. మొదటి వాక్యంలో పొగడ్త, రెండో వాక్యంలో 'అయితే', మూడో వాక్యంలో కుండ.

రెటో గారు నన్ను చూసి మొహం చేటంత చేసుకున్నాడు. కుర్చీ లాగాడు. అట్టు తెచ్చాడు. ఎదురుగా కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టారు గారూ, ఈ ఊరిలో అందరునూ మృదుస్వభావులు. నన్ను నొప్పించరాదని బాగున్నదని పలికెదరేమో అని నాకు కొన్ని రాత్రులు సందేహము కలిగెడిది. అప్పుడు నేను మిమ్ము తలచుకొనెదను. మీరు గణితము బోధించినవారు. మీరు అసత్యము పలకరు. మీరు బాగున్నదన్నారు కావున బాగున్నట్లే."

నా మూడు వాక్యాల్లో రెండు గాల్లో కలిసిపోయాయి. మొదటిది మాత్రం మిగిలింది.

"చాలా బాగుందండీ" అన్నాను.

ఇంకో అట్టు తెస్తానని లోపలికి వెళ్ళబోతుంటే బయట నుంచి ఎవరో పిలిచారు. స్టేషను మాస్టారి ఇంట్లో మోటారు ఆగిపోయిందట. రెటో గారు రెంచీ తీసుకుని పరిగెత్తాడు. రెండో అట్టు పట్టుకుని విలై వచ్చింది. ఏడు నెలల తరవాత ఆమెను దగ్గరగా చూడటం అదే మొదలు. బుగ్గలు నిండాయి. కళ్ళ కింద ఉండే నల్లచారలు లేవు. పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంది.

ఆయనకైతే చెప్పలేను గానీ, నా దగ్గర చదువుకున్న పిల్లకు చెప్పడానికేం? ధైర్యం తెచ్చుకున్నాను.

"విలై, ఆ కుండ ఇచ్చెయ్యొద్దని మీ ఆయనకి చెప్పమ్మా. ఊరంతా నీ ఖావ్ పియాక్ కోసం మొహం వాచిపోయి ఉంది. ఈ అట్లు... ఏదో మొహమాటానికి తింటున్నాం గానీ, నిజానికి ఎవరికీ సయించడం లేదు. మళ్ళీ నీ హోటలు తెరువు తల్లీ."

అనేశాను! పాఠకులారా, నా అరవై మూడేళ్ళ జీవితంలో ఒక మనిషి మొహం మీద చెప్పిన మొదటి నిజం అది. నాకే నా గొంతు కొత్తగా వినిపించింది. ఆమె ఏడుస్తుందేమో అని అట్టు వంక చూస్తూ కూర్చున్నాను. ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. నవ్వుతోంది.

"ఒక లెక్క అడుగుతా, చేస్తారా మాస్టారూ?"

"అడుగు."

"ఒక ఆడమనిషి రోజూ తెల్లవారుజామున మూడున్నరకి లేస్తుంది. ఎముకలు కడిగి కుండలో వేస్తుంది, పిండి కలుపుతుంది, సేమ్యా ఒత్తుతుంది. ఏడాదికి కొత్త సంవత్సరం మూడు రోజులు సెలవు. ఇలా పంతొమ్మిదేళ్ళు. మొత్తం ఎన్నిసార్లు లేచింది?"

"ఆరు వేల ఎనిమిది వందల డెబ్భై ఎనిమిది" అన్నాను. కాగితం అక్కర్లేకుండానే చెప్పాను. అలాంటివి నాకు లెక్కలోవి కావు.

"అన్నిసార్లలో, 'విలై, రాత్రి నిద్రపోయావా' అని అడిగినవాళ్ళు ఎంతమంది?"

ఈసారీ కాగితం అక్కర్లేదు. జవాబు సున్నా.

"లేవొద్దన్నా వినకుండా కాళ్ళు వాటంతటవే లేచేవి మాస్టారూ. మా అమ్మ ఆ పొయ్యి దగ్గరే నడుం పోగొట్టుకుంది. నాకు పాతికేళ్ళ వయసులో గరిటె ఇచ్చింది. మానేద్దామని పెళ్ళికి ముందు నుంచీ ఉంది. కానీ మీరంతా గిన్నె అడుగు దాకా నాకి, 'నువ్వు లేకపోతే ఏమైపోతాం విలై' అంటుంటే ఎలా చెప్పను, నాకిక చేతకావడం లేదని? నాకూ మొహమాటమేగా."

నేను అట్టును చెంచాతో ముక్కలు చేశాను.

"ఆయన ఆ పుస్తకం పట్టుకుని మిమ్మల్ని అడిగిన రోజు, నేను గరిటె పట్టుకుని వెనకాలే నిలబడ్డా. చూశారుగా. ఒక్కళ్ళు వద్దన్నా నేను మళ్ళీ రేపు మూడున్నరకి లేవాలి. మీరు సేమ్యా మింగే దాకా నాకు ఊపిరాడలేదు. మీరు మంచి ఆలోచనన్నారు. ఆ రోజు నుంచి మీ పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకుంటున్నా మాస్టారూ."

"మరి ఆయన వంట?" అన్నాను, మాట మార్చడానికి.

"నాకు తెలీదా? బల్లలు తుడిచేది నేనే. చేపల రసం వాసన ఎక్కడికి పోతుంది? కానీ నేనిప్పుడు ఏడింటి దాకా పడుకుంటున్నా. లేచేసరికి ఆయన అట్టు వేసి పెడతాడు. దానికన్నా రుచైనది నేను పుట్టాక తినలేదు."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూశాను. నాకు సిగ్గేసింది. కాస్తోకూస్తో కాదు, బాగా సిగ్గేసింది. రోజూ ఆరున్నరకి వెళ్ళి మూసి ఉన్న తలుపును తిట్టుకుంటూ నిలబడేవాణ్ణి. ఆ తలుపు వెనక ఒక మనిషి హాయిగా నిద్రపోతోందని ఒక్కరోజైనా అనుకోలేదు.

విలై లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక కాగితం తెచ్చింది.

"కుండ పాత ఇనుములోకి పోవడం నాకూ ఇష్టం లేదు. ఊరివాళ్ళలో ఎవరికి కావాలో తీసుకెళ్ళండి. ఊరికే ఇస్తా. పొయ్యి కూడా ఇస్తా. ఎలా చెయ్యాలో ఇందులో రాశా, అనుమానం వస్తే పక్కన నిలబడి నేర్పిస్తా. పగటిపూట."

ఆ కాగితం పట్టుకుని క్షవరాల షాపుకు విజయగర్వంతో వెళ్ళాను. అందరూ నా చుట్టూ మూగారు. రహస్యం బయటపడింది, వెల్లుల్లి ఎంత, మిరియాలెంత, కొత్తిమీర వేళ్ళు ఎన్ని, అన్నీ ఉన్నాయి. నిపా కళ్ళు మెరిశాయి. అయితే కాగితంలో మొదటి వరస 'మూడున్నరకి లేవాలి' అని ఉంది.

అందరూ ఆ వరసను రెండోసారి చదివారు.

"నా మోకాళ్ళకి పొద్దున్నే చల్లనీళ్ళు పడవు" అంది నిపా.

"రోజంతా నిలబడే పని నాది. తెల్లవారుజామున కూడా నిలబడితే చెయ్యి వణుకుతుంది, ఎవరి చెవో తెగుతుంది" అన్నాడు దమ్రోంగ్.

"మూడున్నర అంటే రాత్రిదా పొద్దున్నదా?" అని సుతిన్ చాలా సేపు ఆలోచించి అడిగాడు. తరవాత ఆఫీసులో పని ఉందని వెళ్ళిపోయాడు.

అందరూ నా వైపు తిరిగారు. రిటైరైన మనిషిని, పనీపాటా లేదు, పైగా ఆ సూపు కోసం అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే. నాకు పత్రికలో కాలమ్ రాసే బాధ్యత ఉందని గుర్తుచేశాను. వారానికి ఒక్కసారేగా అని దమ్రోంగ్ అన్నాడు. ఆలోచించడం వారమంతా చెయ్యాలని చెప్పి బయటపడ్డాను. ఎనిమిది వేలమంది ఉన్న ఊళ్ళో శుక్రవారం సాయంత్రం దాకా ఆ కుండ కోసం ఒక్క మనిషీ రాలేదు. పాత ఇనుము వాడు వచ్చి తీసుకుపోయాడు. ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూశాం. నిపా కళ్ళు కూడా తుడుచుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగిందంతా లమైకి చెప్పాను. విలై వేసిన లెక్క కూడా చెప్పాను. పాపం ఆ పిల్ల ఎంత కష్టపడిందో అని నిట్టూర్చాను. లమై కూర గిన్నె నా వైపు జరిపింది.

"ఏడు నెలలుగా మీరు ఆ తలుపు చూసి వచ్చేసరికి వేడివేడి గంజి ఉంటోంది కదా. నేనెన్నింటికి లేస్తున్నానో తెలుసా?"

ముప్పై ఆరేళ్ళ కాపురం. నేను లెక్కల మాస్టార్ని. అయిదున్నరా, అయిదా? అయిదుంపావు అందామనుకున్నాను.

"రేపట్నుంచి గంజి లేదు" అంది ఆమె, కోపం లేకుండానే. "నేనూ ఏడింటి దాకా పడుకుంటా. పదింటికి ఇద్దరం ఆ స్విస్ ఆయన దగ్గరికి వెళ్దాం."

వెళ్ళాం. జేబులో నా కంటిచుక్కల సీసా ఉంది గానీ బయటికి తియ్యలేదు. లమై ఒక అట్టు తిని, ఇంకొకటి వేయించుకుంది. రెటో గారు వచ్చి ఎప్పటిలాగే చేతులు కట్టుకుని, ఎలా ఉన్నదని అడిగాడు.

"చాలా బాగుంది" అంది మా ఆవిడ. మొహమాటానికి అన్నట్టు లేదు.